అక్క చేసిన పని ఏ లెక్కలోకి వస్తుంది?

(బాలికల చదువు, శ్రమ గురించి మహిళా సంఘాల కార్యకర్తలు ఇటీవల జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గల్ఫ్ వలసలు, స్త్రీలు అనే అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. నేను డాక్టరేట్ చేసింది కూడా ఈ అంశం మీదే. ఆ సిద్ధాంత గ్రంథంలో ఒక వాక్యం ఉంది: "తల్లి లేని లోటును కుటుంబంలోని ఇతర సభ్యులు పూరిస్తున్నారు." ఆ వాక్యం మీద ఎవరూ ప్రశ్న వేయలేదు. నా గైడు వేయలేదు, పరీక్షకులు వేయలేదు. నేనూ వేసుకోలేదు. ఇతర సభ్యులంటే ఎవరు? ఎంత వయసు? పూరించడమంటే రోజుకు ఎన్ని గంటలు? ఇవేవీ అందులో లేవు. అలాంటి "ఇతర సభ్యురాలు" ఒకరు మా ఇంట్లోనే ఉంది. ఆమె మా అక్క. మా అమ్మ కువైట్ వెళ్లేనాటికి అక్కకు పదమూడేళ్లు, నాకు మూడేళ్లు. ఈ రోజు ఆ వాక్యాన్ని సవరించుకోవడానికే మీ ముందు నిలబడ్డాను.

మాది కోనసీమలో ఒక లంక గ్రామం. దళిత కుటుంబం. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద సంగతి ఆ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. అంత వరద అంతకుముందు ఎవరూ చూడలేదు. మా నాన్న కౌలుకు వేసిన అరటితోట పోయింది, ఇల్లు పోయింది. కౌలు అప్పు మాత్రం పోలేదు. ఏటిగట్టు మీద పాక వేసుకున్నాం. అప్పటికే మా వైపు నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళుతున్నారు. ఖద్దామా వీసా అనేవారు. ఏజెంటుకు కట్టడానికి మళ్లీ అప్పు చేసి, 1987 మొదట్లో మా అమ్మ బొంబాయి వెళ్లి విమానం ఎక్కింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు.

మా నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ఈ మాట ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మా కథ విన్నవాళ్లంతా "అయ్యో, తండ్రి లేడా?" అని అడుగుతారు. ఉన్నాడు. కొబ్బరి దింపుకు వెళ్లేవాడు, కూలి డబ్బుల్లో కొంత తెచ్చి అక్క చేతిలో పెట్టేవాడు, కొంత తాగేవాడు. మమ్మల్ని కొట్టలేదు. చెడ్డవాడని నేను అనను. కానీ మూడేళ్ల పిల్లకు అన్నం వండి పెట్టడం, దానికి జ్వరం వస్తే రాత్రంతా కూర్చోవడం తన పని కావచ్చునని ఆయనకు ఒక్కరోజు కూడా తోచలేదు. తోచేలా ఎవరూ అడగలేదు. అమ్మ వెళ్లేముందు రోజు రాత్రి ఎవరికి ఏం చెప్పాలో అన్నీ అక్కకే చెప్పింది. "చెల్లి జాగ్రత్త, నాన్న జాగ్రత్త" అని రెండూ కలిపి చెప్పిందట. నలభై ఏళ్ల మగవాడి బాధ్యత కూడా పదమూడేళ్ల పిల్ల మీదే పడింది.

అక్క అప్పుడు ఎనిమిదో తరగతి. హైస్కూలు మూడు కిలోమీటర్ల దూరం. మా పేటలో అంగన్‌వాడీ లేదు. మొదటి కొద్దిరోజులు నన్ను సంకనేసుకుని బడికి తీసుకెళ్లింది. చంటిపిల్లతో బడికి రావద్దని మాస్టారు చెప్పారు. ఆ తర్వాత అక్క ఒక పని చేసింది. పాత చీర చింపి, ఒక కొస నా నడుముకు, ఒక కొస పాక రాటకు కట్టి, పక్కన గిన్నెలో అన్నం, చెంబుతో నీళ్లు పెట్టి, మధ్యాహ్నం వరకు ఉండే తరగతులకు వెళ్లి పరుగెత్తుకుని వచ్చేది. ఎదురుగా గోదావరి. ఆ ఏడాదే గట్టు మీద పాకల్లోని ఒక పిల్లాడు నీళ్లలో పడి చనిపోయాడు. అందుకే కట్టింది.

ఒకరోజు ఎవరో చూశారు. పేటంతా వచ్చింది. "పసిపిల్లని గొడ్డుని కట్టినట్టు కడతావా? నీకు మనసెలా వచ్చిందే?" అన్నారు. అప్పటికి చీకటిపడింది. మా నాన్న కూడా అక్కడే ఉన్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. "రేపటినుంచి మా ఇంట్లో వదిలి బడికి వెళ్లు" అని అన్నవాళ్లు కూడా లేరు. వాళ్లకూ కూలి పనులున్నాయి, నేను తప్పు పట్టడంలేదు. కానీ ఫలితం చూడండి. మర్నాటి నుంచి అక్క బడికి వెళ్లలేదు. కొన్ని వారాల తర్వాత హాజరు పట్టీలో పేరు కొట్టేశారు.

అప్పటినుంచి అదే పేట ఆమెను మెచ్చుకోవడం మొదలుపెట్టింది. "తల్లిని మించిన పిల్ల" అన్నారు. "చెల్లెలికి అమ్మయిపోయింది" అన్నారు. బడికి వెళ్లినన్నాళ్లూ రాక్షసి. మానేశాక దేవత. మిత్రులారా, ఈ మెచ్చుకోలు గురించి మనం గట్టిగా ఆలోచించాలి. మెచ్చుకున్నవాళ్లకు ఇక సాయం చెయ్యాల్సిన పని ఉండదు. పొగడ్త ఆమెకు కూలీ కాదు. ఇంకెవరినీ ఆ పని అడగకుండా ఉండడానికి దొరికిన సాకు. మన సంఘాలు కూడా మార్చి 8కి ఇలాంటి పిల్లల్ని వేదిక మీదకు పిలిచి శాలువా కప్పడం నేను చూశాను. ఆ శాలువా కప్పిన చేత్తోనే ఆమె మానేసిన బడి సంగతి కూడా కప్పేస్తున్నామేమో!

ఇక లెక్కల సంగతి చూద్దాం. 1991 ఫిబ్రవరిలో జనాభా లెక్కలవాళ్లు మా పాకకు వచ్చారు. అక్కకు అప్పుడు పదిహేడేళ్లు. తెల్లవారుజామున లేచి కొబ్బరిమట్టలు ఏరి, నీళ్లు మోసి, వండి, నన్ను బడికి పంపి, ఊడుపుల కాలంలో కూలికి కూడా వెళ్లిన మనిషి. "కూలి ఎప్పుడో ఒకప్పుడేగా, ఇంటి దగ్గరే ఉంటుంది" అని నాన్న చెప్పాడట. జనాభా లెక్కల్లో ఇంటి పనులు చేసేవాళ్లను పని చేయనివారి కింద వేస్తారు. ఆ రకంగా మా అక్క దేశం దృష్టిలో ఏ పనీ లేని మనిషి. బడి దృష్టిలో బడి మానేసిన పిల్ల. అప్పటి బాల కార్మికుల చట్టం, అంటే 1986 చట్టం, కొన్ని వృత్తుల్ని మాత్రమే నిషేధించింది కాబట్టి ఆమె బాల కార్మికురాలూ కాదు. 2016లో ఆ చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. కానీ బడి వేళల తర్వాత కుటుంబానికి సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చారు. ఇంటి చాకిరీ ఎక్కడ సాయం, ఎక్కడ శ్రమ అనేది మళ్లీ ఇంటి పెద్దలే తేలుస్తారు.

అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే దీనికి ఎదురు వాదన పుట్టిందని గుర్తు చేస్తాను. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు, బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నది. చాలామందికి అది అతిగా అనిపించింది. కానీ ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లాడితో పాటు ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్ల కూడా కంటికి కనబడింది ఆ నిర్వచనం వల్లే.

చాలా ఆలస్యంగా, 2019లో, జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఆరేళ్లు దాటిన వాళ్లందరినీ రోజంతా ఏం చేశారో అడిగారు. జీతంలేని ఇంటి పని చేసిన ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చించారు, మగవాళ్లు 97 నిమిషాలు. ఇంటి పని చేసిన మగవాళ్లే నూటికి 26 మంది, ఆడవాళ్లు 81 మంది. ఈ అంకెలు మన చేతికి వచ్చాయి, సంతోషమే. ఇందులో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల వాటా ఎంత, వాళ్లు మోస్తున్నది ఎవరి పని అని అడగడం ఇంకా మిగిలి ఉంది.

మళ్లీ మా ఇంటికి వస్తాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అమ్మ ఉత్తరాలు ఆగిపోయాయి. డ్రాఫ్టులు ఆగిపోయాయి. అక్క రోజూ టీ కొట్టు దగ్గర నిలబడి రేడియోలో వార్తలు వినేది. ఇంట్లో బియ్యం లేకపోతే అప్పు తెచ్చింది. "నీకు అప్పెలా ఇస్తాం, మీ నాన్నని పంపు" అన్నారట. అన్నాళ్లూ ఇల్లు నడిపింది ఆమె. డ్రాఫ్టు మీద సంతకం మాత్రం నాన్నది. బడిలో నా పేరు రాయించింది ఆమె. సంరక్షకుడి దగ్గర వేలిముద్ర నాన్నది.

ఈ విషయంలో చట్టం ఇప్పటికీ అలాగే ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం మైనరు మరొక మైనరుకు సంరక్షకులుగా ఉండడానికి వీల్లేదు. తన భార్యకు, తన బిడ్డకు అయితే ఉండవచ్చు. చిన్నపిల్లల మీద అంత భారం పెట్టకూడదన్నది చట్టం ఉద్దేశం. మంచిదే. కానీ భారం పెట్టేశాం, సంతకం హక్కు మాత్రం ఇవ్వలేదు. భారం తీసెయ్యమనే నేను అడుగుతున్నాను. పదిహేనేళ్ల పిల్లకు గార్డియన్ హోదా ఇప్పించమని కాదు.

ఆ ఏడాది అమ్మాన్ మీదుగా లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయుల్ని విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మా అమ్మ ఉంది. అక్టోబరులో ఇంటికి చేరింది, చేతిలో ఒక చిన్న సంచి మాత్రమే ఉంది. నేను ఆమెను చూసి అక్క వెనక్కి వెళ్లి దాక్కున్నాను. ఎంత పిలిచినా వెళ్లలేదు. రాత్రి అక్క పక్కనే పడుకుంటానని ఏడ్చాను. అప్పుడు అమ్మ అక్కతో "నా పిల్లని నాక్కాకుండా చేశావు కదే" అంది. నాకు ఆ మాట గుర్తుంది. అక్క ఏమీ అనలేదు. లేచి వెళ్లి గిన్నెలు తోమింది.

అమ్మను తప్పుపట్టకండి. మూడున్నరేళ్లు ఇంకొకరి పిల్లల్ని పెంచి, యుద్ధంలోంచి ప్రాణాలతో బయటపడి వస్తే, సొంత కూతురు గుర్తుపట్టలేదు. ఆమె కష్టంతోనే కౌలు అప్పు తీరింది. మళ్లీ 1992లో వెళ్లి ఆమె పంపిన డబ్బుతోనే, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల పుణ్యాన్నే నేను చదువుకున్నాను. కానీ 1991లోనే అక్కకు పెళ్లి చేసేశారు. అమ్మ వచ్చింది కాబట్టి ఇంట్లో అక్క పని అయిపోయింది. మళ్లీ చదువు మొదలుపెడుతుందా అన్న ప్రశ్న ఎవరికీ రాలేదు.

స్త్రీవాదులుగా మనకు ఇబ్బంది కలిగించే చోటు ఇదే. స్త్రీ పనికోసం దేశం దాటే హక్కు గురించి మనం పోరాడాం. హింసించే భర్తను వదిలి బయటికి రావడం ఆమె హక్కు అన్నాం. ఈ రెండింటిలో ఒక్క మాటైనా నేను వెనక్కి తీసుకోను. కానీ తల్లి బయటికి నడిచినప్పుడు ఆమె చేసే చాకిరీ ఆమెతో పాటు నడిచి వెళ్లదు. ఇంట్లోనే ఉంటుంది. మగవాడు దాన్ని ఎత్తుకోడు, ప్రభుత్వం ఎత్తుకోదు. ఆ ఇంట్లో తర్వాతి ఆడపిల్ల ఎత్తుకుంటుంది. ఈ సంగతి మనం చెప్పకపోతే, "అందుకే ఆడది ఇల్లు కదలకూడదు" అనేవాళ్లు తమకు కావలసినట్టు చెబుతారు.

ఇంకొకటి గమనించండి. 1983 వలసల చట్టం కింద అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, పెద్దగా చదువుకోని స్త్రీ ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండాలి. రక్షణ కోసమే పెట్టారు. మన పల్లెల్లో పదహారు, పదిహేడేళ్లకు పెళ్లయిన స్త్రీకి ముప్పై నిండేసరికి పెద్ద కూతురికి పన్నెండో పదమూడో ఉంటాయి. అంటే చట్టబద్ధంగా వెళ్లగలిగేది సరిగ్గా ఆ వయసు కూతురున్న తల్లే. నేను మాట్లాడిన తల్లుల్లో చాలామంది "పెద్దది ఆడపిల్ల కదా, ఆ ధైర్యంతో వెళ్లాను" అన్నారు. పెద్దవాడు కొడుకైన ఇళ్లలో ముందు అమ్మమ్మనో పిన్నినో తెచ్చిపెట్టుకున్నాకే బయల్దేరారు.

ఇదంతా పాత కథ అనుకోకండి. కిందటేడాది కోనసీమలోనే ఒక అమ్మాయిని కలిశాను. తల్లి కువైట్‌లో, తండ్రి ఆటో నడుపుతాడు, తమ్ముడికి ఆరేళ్లు. మా రోజుల్లో లేనివి ఇప్పుడున్నాయి. బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, అంగన్‌వాడీ ఉంది, ఫోను ఉంది. తల్లికి పని అయ్యేసరికి అక్కడ రాత్రి పదిన్నర, ఇక్కడ ఒంటిగంట. అప్పుడు వీడియోలో నిద్రపోతున్న కొడుకుని చూపించాలి. రేపటికి కూర ఏమిటో, వాడి దగ్గు తగ్గిందో లేదో చెప్పాలి. మర్నాడు క్లాసులో నిద్రపోతోందని టీచరు ఫిర్యాదు. పదో తరగతి పాసైతే కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్ సీటు వచ్చింది. ఆ విద్యాలయం ఆడపిల్లలకు. తమ్ముణ్ణి తీసుకోదు కదా. ఆ పిల్ల వెళ్లలేదు. సర్వేకు వచ్చినవాళ్లు కారణం దగ్గర "చదువు మీద ఆసక్తి లేదు" అని రాసుకున్నారు. విద్యా హక్కు చట్టం పద్నాలుగేళ్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆమె కోసం ఎవరూ మళ్లీ రాలేదు.

కాబట్టి పల్లెల్లో పనిచేసే కార్యకర్తలకు కొన్ని విషయాలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, అడగండి. బడి మానేసిన అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు "ఎందుకు మానేశావు?" అని అడిగి ఊరుకోకండి. "ఇంట్లో నువ్వు ఎవరిని చూసుకుంటున్నావు?" అని అడగండి. కారణాల కాలమ్‌లో "తమ్ముణ్ణి పెంచుతోంది" అని రాయండి. అలా రాయడం మొదలుపెడితేనే ఆ పని లెక్కలోకి వస్తుంది.

రెండవది, ఇద్దర్నీ కలిపి చూడండి. పెద్దపిల్లను హాస్టల్లో చేర్పించి చిన్నదాన్ని గాలికి వదిలేస్తే పెద్దది పారిపోయి వచ్చేస్తుంది. తప్పు ఆ పిల్లది కాదు. అంగన్‌వాడీ వేళలు హైస్కూలు వేళలతో కలవాలన్నది మనం పంచాయతీ దగ్గర పెట్టవలసిన డిమాండు.

మూడవది, ఉన్న పథకాలు వాడండి. మిషన్ వాత్సల్య కింద, తల్లిదండ్రులు వదిలేసిన లేక చూడలేని స్థితిలో ఉన్న పిల్లలకు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా దరఖాస్తు చేయాలి. ఇది అనాథలకు మాత్రమే అనుకుని మనలో చాలామంది వదిలేస్తున్నారు. చదువు పేరుతో తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకాలు ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అమ్మఒడితో మొదలయ్యాయి, 2025లో తల్లికి వందనం వచ్చింది. తల్లి ఊళ్లో లేని ఇంట్లో ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతోందో వెళ్లి కనుక్కోండి.

నాలుగవది, తండ్రిని వదలకండి. ఇల్లు వదిలిపోయినవాడైతే పిల్లల భరణం కోసం కేసు వేయించవచ్చు. ఇదివరకు సి.ఆర్.పి.సి. 125 సెక్షన్, 2024 జులై నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో 144. ఇంట్లోనే ఉన్నవాడి చేత ఇంటి పని చేయించడానికి ఆ సెక్షన్ పనికిరాదు. అక్కడ సంఘం పనికొస్తుంది. తల్లి పాస్‌పోర్టుకు సాయం చేసేటప్పుడే తండ్రిని కూర్చోబెట్టి, వంట ఎవరు, పిల్లాణ్ణి బడికి దించేది ఎవరు, జ్వరమొస్తే ఆస్పత్రికి వెళ్లేది ఎవరు అని పేరుపేరునా తేల్చండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఈ ప్రసంగానికి ముందు మా అక్కను అనుమతి అడిగాను. ఇప్పుడు ఆమెకు యాభై దాటాయి, మనవలున్నారు. అన్నీ చెప్పు గానీ ఆ చీర గుడ్డతో కట్టిన సంగతి మాత్రం చెప్పకు అంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆమెకు అదే సిగ్గు. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. "సరే, చెప్పు. ఎందుకు కట్టానో అదీ చెప్పు" అంది. తర్వాత కాసేపు ఆగి, "నాకు లెక్కలు బాగా వచ్చేవి, తెలుసా?" అంది.

నాకు తెలియదు. ఆమె పెంచగా పెరిగిన దాన్ని, ఇదే విషయం మీద పరిశోధన చేసిన దాన్ని. అయినా మా అక్కకు ఏ సబ్జెక్టు ఇష్టమో నేను ఎప్పుడూ అడగలేదు. మీరు రేపు వెళ్లే ఊళ్లో చంటిపిల్లను ఎత్తుకున్న పిల్ల కనబడితే, ముందు ఆ ప్రశ్న అడగండి.